ఇద్దరే కూర్చునే బండి

దుబాయిలో బండి కొన్నానని డర్బన్‌కి ఫోన్ చేస్తే, మా అమ్మ ముందుగా అడిగిన మాట, "ఎంతమంది పడతారు?"

"ఇద్దరు" అన్నాను.

అవతల కాసేపు చప్పుడు లేదు. "ఇద్దరేనా? మిగతా వాళ్లు బస్సులో వస్తారా?"

మీ ఇంట్లోనూ ఇదే ప్రశ్న వస్తుంది, చూసుకోండి. నాటాల్ అయినా, మారిషస్ అయినా, ఫిజీ అయినా, మన పెద్దవాళ్లకు బండి అంటే ఇంటిల్లిపాదీ ఎక్కేది. ఇంటిల్లిపాదీ అంటే ఇంట్లో ఉన్న అందరూ, చంటిపిల్లతో సహా. మా నాన్న బక్కీ వెనక తొమ్మిదిమందిమి కూర్చుని గుడికి వెళ్లేవాళ్లం. అలాంటి ఇంట్లో పుట్టి రెండు సీట్ల బండి కొనడం అంటే కాస్త తప్పు చేసినట్టే ఉంటుంది. అయినా కొన్నాను. మీకూ ఆ కోరిక ఉంటే, ఎడారి దేశంలో పాత టాప్‌లెస్ కారు ఎలా ఎంచుకోవాలో, దానితో ఎలా బతకాలో చెబుతాను.

ముందు ఒక చిన్న మాట. తెలుగులో "బండి" చాలా మంచి మాట. ఎద్దుబండీ బండే, రైలుబండీ బండే, మోటారు సైకిలూ బండే. కారు అనే మాట తట్టకపోతే బండి అనండి, ఎవరూ నవ్వరు.

ఏ బండి కొనాలి? పాత బండ్ల సంతలో పోర్షే బాక్స్‌స్టర్, బీఎండబ్ల్యూ జెడ్4, మెర్సిడెస్ ఎస్‌ఎల్‌కే ఆశ్చర్యపోయేంత తక్కువ ధరకు కనిపిస్తాయి. మోసపోకండి. ధర పాతబడుతుంది కానీ విడిభాగాల ధర పాతబడదు. పైగా మీట నొక్కితే మడతపడే ఇనుప టాపుల లోపల మోటార్లు, గొట్టాలు, సీళ్లు చాలా ఉంటాయి. వేసవిలో 45 డిగ్రీలు దాటే చోట రబ్బరు ఎన్నేళ్లు మెత్తగా ఉంటుందో మీరే ఆలోచించండి.

నా ఓటు మజ్దా ఎమ్‌ఎక్స్-5కి. ఇది 1989లో షికాగో మోటారు ప్రదర్శనలో మొదటిసారి కనిపించింది. అప్పటికి ఇంగ్లండులో చిన్న టాప్‌లెస్ బండ్లు దాదాపు అంతరించాయి. ఆ సరదాను జపాను వాళ్లు చెడిపోని ఇంజనుతో తిరిగి ఇచ్చారు. పది లక్షలవ ఎమ్‌ఎక్స్-5, 2016 ఏప్రిల్‌లో తయారైంది. దాన్ని చేసినవాళ్లు "జిన్బా ఇత్తాయ్" అనే జపాను మాట చెబుతారు. గుర్రమూ రౌతూ ఒక్కటే అని అర్థం. రౌతు అంటే గుర్రం ఎక్కేవాడు. బరువు సుమారు ఒక టన్ను, అంతే. నాది 2016 మోడల్, నాలుగో తరం. దాని గుడ్డ టాపుకి మోటారు లేదు. మధ్యలో ఒకే గొళ్లెం. సీట్లోంచి లేవకుండా ఒంటి చేత్తో వెనక్కి తోసేయొచ్చు. లేని మోటారు చెడిపోదు కదా.

గేర్ల సంగతి కూడా చూసుకోండి. ఇక్కడ ఆటోమేటిక్ మీద పరీక్ష రాస్తే లైసెన్సు ఆటోమేటిక్‌కే ఇస్తారు, మాన్యువల్ నడపకూడదు. ఇంకొకటి, మన తాతలు దిగిన దేశాలు, అంటే దక్షిణాఫ్రికా, మారిషస్, ఫిజీ, మలేషియా, అన్నింటిలోనూ రోడ్డుకి ఎడమవైపే నడుపుతాం. ఇక్కడ కుడివైపు. గేరు కుడి చేతికి వస్తుంది. మొదటి వారమంతా నేను గేరు అనుకుని ఎడమ చేత్తో తలుపు పిడి పట్టుకున్నాను.

ఇక అసలు కథ. నేను చూసిన మొదటి బండి ఎర్రది, మెరిసిపోతోంది. 44,000 దిర్హాములు. అమ్మే మనిషి మర్యాదస్తుడు, టీ కూడా ఇచ్చాడు. నేను అక్కడికక్కడే బయానా ఇచ్చేసేదాన్ని. బయానా అంటే బేరం ఖాయమని ముందుగా ఇచ్చే డబ్బు. మా ఆయన మాత్రం, "ఒక్కసారి మెకానిక్‌కి చూపించు" అన్నాడు. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక షెడ్డుకి తీసుకెళ్లాను.

అక్కడి మెకానిక్ ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. తెలుగు! కానీ మా అవ్వ తెలుగు కాదు. ఫోన్ పెట్టేశాక, "మీది ఏ ఊరండీ?" అని అడిగాను. అతను నా మొహం చూసి, నా దక్షిణాఫ్రికా లైసెన్సు చూసి, మళ్లీ నా మొహం చూశాడు.

"జగిత్యాల కాడ, మేడం. మీరు తెలుగా?"

"డర్బన్. మా ముత్తవ్వ కాలంలో వెళ్లాం."

"ఆడ గూడ తెలుగోళ్లు ఉన్నరా?"

ఉన్నాం అన్నాను. మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో అనే ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరిందని, ఆ తర్వాత ఎన్నో ఓడలు వచ్చాయని, మావాళ్లు చెరుకు తోటల్లో ఐదేళ్ల గిర్మిట్ మీద పనిచేశారని చెప్పాను. మేడం పోయి అక్క అయింది.

అతను బండి కింద దూరలేదు, ఇంజను మూత కూడా తీయలేదు. సీటు బెల్టు పట్టుకుని చివరిదాకా లాగాడు. "సూడు అక్కా." బెల్టు అడుగు భాగంలో అడ్డంగా సన్నటి బురద గీత. తర్వాత సీటు ముందుకు జరిపి, కింది పట్టాల మీద తుప్పు చూపించాడు. కార్పెట్ అంచు ఎత్తితే పాత నీళ్ల వాసన. "గీ బండి నీళ్లల్ల మునిగింది. పైసలు ఇచ్చినవా?"

"ఇవ్వలేదు."

"మంచిగైంది. ఇయ్యకు."

2024 ఏప్రిల్ 16న ఈ దేశంలో పడ్డ వాన మీలో కొందరు టీవీలో చూసి ఉంటారు. 1949లో లెక్కలు మొదలుపెట్టినప్పటి నుంచి అంత వాన లేదు. అల్ ఐన్ దగ్గర ఖత్మ్ అల్ షక్లాలో ఒక్క రోజులోపే 254 మిల్లీమీటర్లు పడింది. కార్లు పైకప్పుల దాకా మునిగాయి. అలా మునిగిన బండిని కడిగి, ఆరబెట్టి, పాలిష్ పెడితే కంటికి కొత్తదే. లోపల తీగలు మాత్రం నెమ్మదిగా కుళ్లుతుంటాయి. ఎమ్‌ఎక్స్-5 లాంటి బండి నేలకి చాలా దగ్గరగా ఉంటుంది, మోకాలి లోతు నీళ్లు చాలు. కాబట్టి బెల్టు లాగి చూడటం మరవకండి. అమ్మేవాడు అన్నీ కడుగుతాడు, బెల్టు చివర కడగడం మరిచిపోతాడు.

రెండో బండి దొరకడానికి మూడు నెలలు పట్టింది. ఈలోగా నేర్చుకున్నవి చెబుతాను. జీసీసీ బండా, బయటి నుంచి తెచ్చినదా అని అడగండి. జీసీసీ అంటే ఈ గల్ఫ్ ఎండకి తగినట్టు చల్లబరిచే ఏర్పాట్లతో వచ్చిన బండి. అమెరికాలో గుద్దుకున్న బండ్లను చవగ్గా తెచ్చి బాగుచేసి అమ్మేవాళ్లు ఉన్నారు. ఛాసిస్ నంబరు తీసుకుని ప్రమాదాల చరిత్ర వెతికించండి. ముల్కియా, అంటే బండి రిజిస్ట్రేషన్ కార్డు, అమ్మేవాడి పేరు మీదే ఉందా, బ్యాంకు అప్పు తీరిందా చూడండి. పాత జరిమానాలు కట్టకుండా పేరు మారదు.

టైర్ల పక్క గోడ మీద నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. ఐదేళ్లు దాటిన టైరు ఇక్కడ వార్షిక పరీక్షలో తప్పుతుంది, గాడులు ఎంత లోతుగా ఉన్నా సరే. టాప్‌లెస్ బండ్లు తక్కువ తిరుగుతాయి కనుక టైర్లు అరగకుండానే ముసలివైపోతాయి. బేరంలో ఇది మీ చేతిలో ఉన్న మంచి ముక్క.

గుడ్డ టాపుని మూడుసార్లు తెరిచి మూయండి. మడత దగ్గర దారం పోయిందా, వెనక అద్దం అంటు ఊడుతోందా చూడండి. సీట్ల వెనక నీళ్లు పోయే సన్నని దారులు ఉంటాయి. ఈ దేశంలో వాటిని వాన కాదు, ఇసుక పూడుస్తుంది. పూడిందంటే, ఏడాదికి ఒక్కసారి వచ్చే వాన నేరుగా సీటు వెనక చేరుతుంది. ఇక ఏసీని మధ్యాహ్నం పన్నెండింటికి, బండి కదలకుండా, పావుగంట నడిపి చూడండి. పొద్దున్న ఏడింటికి చూపిస్తానంటే ఒప్పుకోకండి.

నేను చివరికి 52,000 దిర్హాములకి బూడిద రంగు బండి కొన్నాను. దాన్నీ జగిత్యాల తమ్ముడే చూశాడు. ఈసారి బండి కింద గంట సేపు పడుకుని, "తీస్కో" అన్నాడు.

దానితో బతుకు ఎలా ఉంటుంది? నవంబరు నుంచి మార్చి దాకా స్వర్గం. రాత్రి టాపు తీసి హత్తా వైపు వెళితే కొండల వాసన తెలుస్తుంది. జెబెల్ హఫీత్ కొండ రోడ్డు దాదాపు 12 కిలోమీటర్లు, మలుపులు అరవై. రస్ అల్ ఖైమాలో జెబెల్ జైస్ దేశంలోకెల్లా ఎత్తయిన కొండ, పైన స్వెట్టర్ కావాలి. మే నుంచి సెప్టెంబరు దాకా మాత్రం టాపు మూసే ఉంటుంది. స్టీరింగు మీద తువ్వాలు వేయకపోతే చేయి కాలుతుంది. నీడలో పార్కింగు లేని ఇంట్లో ఉంటే ఈ బండి కొనకండి, నిజంగా చెబుతున్నాను. ఇంట్లో ఇదొక్కటే బండి అయినా కొనకండి.

షేక్ జాయెద్ రోడ్డు మీద పెద్ద బండ్ల వాళ్లకి మీరు కనిపించరు. మీ తల వాళ్ల తలుపు పిడి ఎత్తులో ఉంటుంది. అందుకే వాళ్ల పక్కన ఎప్పుడూ ఆగిపోకండి, ముందుకైనా వెళ్లండి, వెనక్కైనా ఉండండి. ఇంకో సంగతి, దుబాయిలో రాసిన వేగానికి పైన 20 కిలోమీటర్ల దాకా రాడార్ ఊరుకుంటుంది. అబూధాబిలో 2018 నుంచి ఆ సడలింపు లేదు. సరిహద్దు దాటేది తెలియదు, జరిమానా సందేశం వచ్చాక తెలుస్తుంది.

డిక్కీలో రెండు మెత్తటి సంచులు పడతాయి. ఇరవై కిలోల బియ్యం బస్తా పక్క సీట్లో కూర్చుంటుంది. దానికి బెల్టు పెట్టకపోతే బండి కూత పెడుతూనే ఉంటుంది.

బండి కొన్న రోజు జగిత్యాల తమ్ముణ్ని పక్కన కూర్చోబెట్టుకుని షెడ్డు చుట్టూ ఒక చుట్టు తిప్పాను, టాపు తీసి. ఏడేళ్లుగా బండ్లు బాగుచేస్తున్నాడు, టాపు లేని బండిలో ప్రయాణికుడిగా కూర్చోవడం అదే మొదలు. ఏజెంటుకి ఇచ్చిన అప్పు తీరడానికే మూడేళ్లు పట్టిందని చెప్పాడు. తర్వాత, "అక్కా, మీ ముత్తవ్వ ఐదేండ్లు అయినంక వాపస్ ఎందుకు పోలె?" అని అడిగాడు.

ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అడగని ప్రశ్న అది. నాకు తెలియదు అన్నాను. అతను తల ఊపి, రెండో గేరులో ఇంజను చప్పుడు వినమన్నాడు.

ఇక మా అమ్మ అడిగిన ప్రశ్నకి వద్దాం. మిగతా వాళ్లు? ఇక్కడి చట్టం ప్రకారం పదేళ్లు నిండని పిల్లలు, 145 సెంటీమీటర్ల ఎత్తు లేని పిల్లలు ముందు సీట్లో కూర్చోకూడదు. ఈ బండికి ఉన్నదే ముందు సీటు. కొన్నప్పుడు మా అమ్మాయికి ఎనిమిదేళ్లు. బండి చుట్టూ తిరిగి, తలుపు తీసి, నా వైపు చూసింది. నాకు నోట మాట రాలేదు. ఆ సాయంత్రం తనే వంటింటి తలుపు చట్రం మీద పెన్సిలుతో 145 దగ్గర గీత గీసుకుంది. నెలకోసారి చెప్పులు విప్పి అక్కడ నిలబడుతుంది. మొన్న కొలిస్తే 141. పదో పుట్టినరోజు ఫిబ్రవరిలో. వాతావరణం అప్పుడు బాగుంటుంది.