మనోవైఖరులు ఏర్పడు తీరు

దిల్‌సుఖ్‌నగరను పేరు వినగానే మీ మనస్సున ఏమి మెదలును? కొందఱికి పుస్తకములు పట్టుకొని నడచు విద్యార్థులు, కొందఱికి సాయిబాబా గుడి, కొందఱికి భయము. ఆ పేటను చూచినవారికంటె చూడనివారికే ఈ భావము గట్టిగా నుండుట వింత. ఒక వస్తువు పట్ల మనలో ముందే సిద్ధమై కూర్చున్న ఇట్టి అనుకూలతను గాని ప్రతికూలతను గాని మనస్తత్వశాస్త్రజ్ఞులు మనోవైఖరి యందురు.

ఇందులో నమ్మకము, ఇష్టానిష్టములు, నడత అని మూడు పాళ్లు కలవు. ముందు జ్ఞానము, దానివలన ఇచ్ఛ, దానివలన ప్రయత్నము అని మన తార్కికులు వరుస చెప్పిరి. ఆ వరుస ఎప్పుడును అట్లే నడచునా?

2013వ సంవత్సరము ఫిబ్రవరి 21వ తేదీ సాయంకాలము ఏడుగంటల ప్రాంతమున దిల్‌సుఖ్‌నగరులో కోణార్క్, వేంకటాద్రి సినిమాహాళ్ల చేరువ రెండు బాంబులు ప్రేలినవి. 15 మందికి పైగా మరణించిరి. 2002 నవంబరులో సాయిబాబా గుడియొద్ద జరిగిన ప్రేలుడును జనులు జ్ఞప్తికి తెచ్చుకొనిరి. నాటినుండి ఆ పేరునకును ఆ శబ్దమునకును ముడిపడినది. రష్యాదేశపు పావ్లోవు పండితుడు కుక్కకు ఆహారము పెట్టుటకు ముందు ఒక ధ్వనిని పలుమాఱు వినిపించి, తుదకు ధ్వనిమాత్రముననే దాని నోరూరునట్లు చేసెను. భయమునకు పలుమాఱులు అక్కఱలేదు, ఒక్కమాఱు చాలును.

పిమ్మట పనిచేయునది పెద్దల మాట. నల్లగొండ జిల్లావాడైన నా శిష్యుడొకడు, బ్యాంకు పరీక్షకు చదువుచున్న కుమార్తెను అక్కడి హాస్టలునుండి మఱునాడే ఇంటికి రప్పించెను. తండ్రిప్రాణము, నేను తప్పుపట్టను. కాని నెలలు గడచినను ఊరిపెద్దలు పంపవద్దనుచునే యుండిరి. వారిలో ఒక్కరును ఆ పేటను చూచి యెఱుగరు. ఆ పిల్లకు ఆ యేటి పరీక్ష పోయినది. ప్రేలుడువలన కలిగిన భయముకంటె రచ్చబండకడ పెరిగిన ఈ భయమే నాకు ఎక్కువ కష్టముగా తోచినది. మఱుసటి యేట తల్లి పట్టుబట్టగా అతడే కొనిపోయి దింపివచ్చెను. వారమువారము పచ్చడిజాడీతో పోయి వచ్చుచు, నాలుగు నెలలకు “పంతులుగారూ, అక్కడ భయపడుటకేమున్నది?” అని నాతోనే వాదించెను. ఎవరును అతనికి బోధింపలేదు. కాళ్లు ముందు నడచినవి, నమ్మకము వెంబడించినది.

తార్కికుల వరుస ఇచ్చట తలక్రిందైనది. చేసిన పనికిని నమ్మిన మాటకును పొత్తు కుదరనప్పుడు మనస్సు నలుగునని అమెరికా శాస్త్రజ్ఞుడు ఫెస్టింగరు 1957లో వ్రాసెను. చేసినపనిని చెఱపుట సాధ్యము కాదు గనుక మనస్సు నమ్మకమునే సవరించుకొనును.

వట్టి పరిచయమునకు కూడ బలము కలదు. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేటనుండి ఎల్.బి. నగరు వరకు మెట్రోరైలు నడువసాగెను. విజయవాడ రోడ్డున వచ్చి ఎల్.బి. నగరులో బస్సు దిగు మన పల్లెలవారు, ఆకాశమున పోవు ఆ బండిని మొదట తలయెత్తి చూచి వెనుకాడిరి. ఇప్పుడు సంచి భుజాన వేసికొని మెట్లెక్కుచున్నారు. ఏ హానియు చేయని వస్తువు పలుమాఱు కంటబడిన మాత్రముననే ఇష్టమగునని 1968లో జయన్సు అను పండితుడు ప్రయోగములతో చూపెను.

అయితే మొదటనే ద్వేషమున్నచోట తఱచు చూచుట దానిని పెంచుటయు కలదు. గట్టుతగాదా గల పొరుగువారిని మీరెఱుగుదురు. సమానులై ఒక పనిమీద కలిసినప్పుడే పరిచయము పగను తగ్గించునని ఆల్‌పోర్టు 1954లో వ్రాసెను. ప్రేలుళ్ల పిమ్మట నా శిష్యుడు ఒక మతమువారినందఱిని కలిపి పరుషముగా మాటలాడెడివాడు. రెండవమాఱు హాస్టలులో అతని కూతురి గదికి వచ్చిన పిల్ల మహబూబ్‌నగరు ప్రాంతపు ముస్లిము బాలిక. ఇద్దఱిదియు ఒకే పరీక్ష, ఒకే పుస్తకము. ఆ యేడు చివరకు అతడు ఊరినుండి మోసికొనిపోవు పచ్చడిజాడీలు రెండైనవి.