ధరలో బ్యాటరీకెంత, బాడీకెంత?

కొత్త ఎలక్ట్రిక్ కారు తలుపు ఒకసారి వేసి చూసి శృంగవరపుకోట (ఎస్.కోట) మనిషి అడిగేది ఒకటే: “పదమూడు లక్షలు పెడితే డబ్బాలాగ మోగుతోందేటి?” సేల్స్ కుర్రాడి జవాబూ ఒకటే: “సగం డబ్బు బేటరీకే పోతాది సార్.” చాలా బేరాల్లో వాదన అక్కడే ఆగిపోతుంది. ఆ సగం నిజమో కాదో కాగితం మీద తేల్చుకోవచ్చు.

బ్యాటరీ ఖరీదును విడిగా చెప్పే అలవాటు కంపెనీలకు లేదు. 2024 సెప్టెంబరులో ఎంజీ ఆ గుట్టు తనంతట తనే విప్పింది. విండ్సర్ కారును బ్యాటరీతో కలిపి 13.50 లక్షలకు పెట్టింది. బ్యాటరీ అద్దెకు తీసుకుంటే కారు 9.99 లక్షలు, ఆపైన తిరిగిన ప్రతి కిలోమీటరుకు మూడున్నర రూపాయలు. తేడా 3.51 లక్షలు. బ్యాటరీ 38 కిలోవాట్ అవర్లది. కిలోవాట్ అవర్ అంటే మన కరెంటు బిల్లులో కనిపించే యూనిట్టే. భాగిస్తే యూనిట్‌కు 9,237 రూపాయలు వచ్చింది. అదే కంపెనీ బుల్లి కారు కామెట్ అప్పట్లో బ్యాటరీతో 6.99 లక్షలు, లేకుండా 4.99 లక్షలు. దాని బ్యాటరీ 17.3 యూనిట్లు, కాబట్టి యూనిట్‌కు పదకొండున్నర వేలు. కంపెనీ చెప్పిన విడి ధరను నమ్మొచ్చా అంటే, బ్లూమ్‌బర్గ్ ఎన్‌ఈఎఫ్ అనే పరిశోధన సంస్థ 2024 సర్వేలో ప్రపంచ సగటు యూనిట్‌కు 115 డాలర్లు, అంటే పదివేలకు కాస్త తక్కువ. 2010లో ఇది వెయ్యి డాలర్ల పైమాటే.

కనుక యూనిట్‌కు పదివేలు అని గుర్తుపెట్టుకుంటే చాలు. విండ్సర్‌లో బ్యాటరీ వాటా 26 శాతం, కామెట్‌లో 29 శాతం. కుర్రాడు చెప్పిన సగం కాదు, పావు భాగం చిల్లర. ఆ మాట ఒకప్పుడు చెల్లి ఉండొచ్చు. 2020 జనవరిలో టాటా నెక్సాన్ ఈవీ 13.99 లక్షలకు మొదలైనప్పుడు అందులో 30.2 యూనిట్ల బ్యాటరీ ఉండేది. 2024లో అదే 13.99 లక్షలకు 45 యూనిట్ల నెక్సాన్ వచ్చింది. ధర కదలలేదు, బ్యాటరీ ఒకటిన్నర రెట్లయింది.

బేరంలో ఎవరూ ఎత్తని సంగతి పన్ను. ఎలక్ట్రిక్ కార్ల మీద జీఎస్టీ 2019 ఆగస్టు 1 నుంచి 5 శాతమే. నాలుగు మీటర్లు దాటిన ఒక మోస్తరు పెట్రోలు కారుకు 2025 సెప్టెంబరు దాకా సెస్సుతో కలిపి 45 శాతం ఉండేది, ఇప్పుడు 40. విండ్సర్ నాలుగు మీటర్లు దాటిన బండే. 13.50 లక్షల్లోంచి 5 శాతం పన్ను, పన్ను పోను బ్యాటరీ ఖరీదు తీసేస్తే మిగిలేది 9.51 లక్షలు. అదే 13.50 లక్షల పెట్రోలు కారులో 45 శాతం పన్ను పోతే 9.31 లక్షలు, ఇప్పటి 40 శాతంతో 9.64 లక్షలు. అంటే బ్యాటరీ ఖర్చును దాదాపు మొత్తం పన్ను రాయితీయే మోసేసింది. మిగతా బండికి, అంటే రేకు, సీట్లు, సస్పెన్షన్, మోటారు, కంపెనీ లాభం, డీలరు కమీషన్‌లకు రెండు చోట్లా దాదాపు ఒకటే డబ్బు. అందుకే పెద్ద ఎలక్ట్రిక్ కారు బిల్డ్ క్వాలిటీ అదే ధర పెట్రోలు కారుకు తీసిపోకూడదని గట్టిగా అడిగే హక్కు కొనేవాడికి ఉందని నా అభిప్రాయం. బ్యాటరీ పేరు చెప్పి తప్పించుకోవడం ఈ సైజులో కుదరదు.

చిన్న కారు దగ్గర మాత్రం సేల్స్ కుర్రాడి మొర కొంత వినాలి. టాటా టియాగో ఈవీ 7.99 లక్షల ధరలో, యూనిట్‌కు పదివేల లెక్కన 19.2 యూనిట్ల బ్యాటరీ, పన్ను తీసేస్తే మిగిలేది 5.78 లక్షలు. 7.99 లక్షల చిన్న పెట్రోలు కారులో పాత 29 శాతం పన్నుతో 6.19 లక్షలు మిగిలేవి. 2025 సెప్టెంబరు 22న చిన్న పెట్రోలు కార్ల జీఎస్టీ 18 శాతానికి దిగాక 6.77 లక్షలు మిగులుతున్నాయి. నలభై వేల లోటు ఒక్కరోజులో లక్ష అయింది. ఆ లక్ష ఎక్కడో తగ్గించుకోక తప్పదు. తగ్గేది సీటు గుడ్డలోనో, తలుపు లోపలి ప్యాడ్‌లోనో, శబ్దం ఆపే షీట్లలోనో. బాడీ మాత్రం పెట్రోలు టియాగోతో పంచుకున్నదే.

తలుపు చప్పుడుకీ ప్రాణాలు కాపాడే గట్టితనానికీ పెద్ద సంబంధం లేదు. చప్పుడు రబ్బరు బీడింగుతో, ప్యాడ్‌తో మారుతుంది. భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో గంటకు 64 కిలోమీటర్ల వేగంతో కారును అడ్డుగోడకు గుద్దిస్తారు. 2024 జనవరిలో 10.99 లక్షలకు మొదలైన టాటా పంచ్ ఈవీకి పెద్దల భద్రతలో 32కు 31.46 వచ్చింది. 18.90 లక్షలతో మొదలైన మహీంద్రా బీఈ 6కు 31.97. ఎనిమిది లక్షల తేడాకు అర మార్కు! అయితే ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి మురిసిపోకూడదు. ఈ పరీక్ష ఇంచుమించు తన బరువే ఉన్న బండిని ఢీకొన్నట్టు లెక్క. పంచ్ వెళ్లి బీఈ 6ను గుద్దితే కథ వేరు.

ధర ఎక్కువైతే పనితనం పెరుగుతుందన్నదీ గ్యారంటీ లేని మాటే. అమెరికాలో టెస్లా మోడల్ 3ని 2018లో ముక్కలుగా విప్పి చూసిన శాండీ మన్రో అనే ఇంజినీరు, రేకుల మధ్య సందులు తొంభైల నాటి కియా కార్లను గుర్తుచేస్తున్నాయన్నాడు. బ్యాటరీ, ఎలక్ట్రానిక్స్‌ను మాత్రం మెచ్చుకున్నాడు. 2025 జులైలో టెస్లా మోడల్ వై మనదేశానికి 59.89 లక్షల ధరతో వచ్చింది. అమెరికాలో దాని ధర అప్పుడు 44,990 డాలర్లు, అంటే 39 లక్షల లోపు. ఆ తేడాలో సింహభాగం దిగుమతి సుంకానిదే. సుంకం కట్టినందుకు రేకు మందం పెరగదు. మన పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీలో తయారయ్యే కారెన్స్ క్లావిస్ ఈవీ అదే నెలలో 17.99 లక్షలకు మొదలైంది. బయటి నుంచి తెచ్చే ఆ కంపెనీ ఈవీ6 ధర అరవై లక్షలు దాటింది.

కంటికి కనబడని పనితనం ఇంకోటుంది. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో ఇంట్లో చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి మనిషి చనిపోయాడు. అలాంటి ప్రమాదాలు వరసగా జరిగాక కేంద్రం నిబంధనలు బిగించి, 2022 డిసెంబరు, 2023 మార్చి గడువులతో రెండు విడతల్లో అమల్లోకి తెచ్చింది. ఒక సెల్లు పాడై వేడెక్కినా మంట ప్యాక్ మొత్తానికి పాకకూడదన్నది వాటి సారం. షోరూములో ఎంతసేపు తలుపులు వేసి తీసినా ఇది తెలియదు. ప్యాక్‌కు ఐపీ67 ఉందా అని మాత్రం అడగొచ్చు. మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా లోపలికి తడి చేరదని దాని అర్థం.

ఎస్.కోట వాళ్లకున్న సౌకర్యం ఏమిటంటే, కారును పరీక్షించే రోడ్డు ఊరు దాటగానే ఉంది. అరకు వెళ్లే దారిలోని అనంతగిరి ఘాట్‌లో మనుషులతో కలిపి 1,600 కిలోల బండి వెయ్యి మీటర్లు ఎక్కాలంటే, మైదానంలో అయ్యే ఖర్చు కాక, దాదాపు నాలుగున్నర యూనిట్లు, నష్టాలతో అయిదు. 25 యూనిట్ల బ్యాటరీలో అయిదో వంతు. దిగేటప్పుడు మోటారే జనరేటరై అందులో మంచి భాగం వెనక్కిస్తుంది. అరకులో బ్యాటరీ నిండా నింపుకుని దిగడం మొదలుపెట్టారో, ఆ కరెంటు పోవడానికి చోటుండదు, భారమంతా బ్రేకుల మీద పడుతుంది. పై నుంచి బయల్దేరేవాళ్లు 80 శాతం దగ్గర ఆపడం మేలు. బిల్డ్ క్వాలిటీ తెలిసేది ఇక్కడి మలుపుల్లోనే. నలుగురిని ఎక్కించుకుని, పాటలు ఆపేసి, ఒక ముందు చక్రం గోతిలో దింపండి. బాడీ మెలిపడ్డప్పుడు డాష్‌బోర్డు, వెనక డోరు కిర్రుమన్నాయంటే, మూడేళ్ల తరవాత ఆ చప్పుడు ఏ స్థాయికి పోతుందో ఊహించుకోవచ్చు.

ఆ మూడేళ్ల సంగతి వారంటీ కాగితంలోనూ ఉంది. నెక్సాన్ ఈవీ 45 బ్యాటరీకి మొదటి యజమాని దగ్గర 15 ఏళ్లు, కిలోమీటర్ల లెక్కే లేదు. మిగతా బండికి 3 ఏళ్లు లేదా 1.25 లక్షల కిలోమీటర్లు. కాబట్టి బేరంలో సీటు కవర్లూ మ్యాట్లూ ఉచితంగా అడిగే బదులు, ఆ మూడేళ్లను పొడిగించే వారంటీ అడగండి.