పసివారితో నగరవిహారము

వేసవి సెలవులు సమీపించినవనగా అనేక గృహములలో ఒక ఆలోచన మొలకెత్తును. ఏడాది పొడుగున బడి, ఇల్లు, బజారు తప్ప వేరొకటి ఎరుగని పిల్లలకు ఒక మహానగరమును చూపవలెనని తల్లిదండ్రులు తలపోయుదురు. టిక్కెట్లు కొందురు, నగరములోని బంధువులకు ముందుగా కబురు పెట్టుదురు, చూడవలసిన వానినన్నిటిని ఒక కాగితముపై వరుసగా వ్రాసికొందురు. ఆ పట్టికలో పది పండ్రెండు పేర్లకు తక్కువ ఉండవు. ఇంత ధనము వెచ్చించి పోవుచున్నప్పుడు ఏ ఒక్కటియు విడువరాదన్నది పెద్దల లెక్క. పొరపాటు ఆ లెక్కలోనే ఉన్నది.

మూడు దినముల తరువాత ఆ కుటుంబము తిరిగి వచ్చునప్పుడు రైలుపెట్టెలో కనబడు దృశ్యము చాలమంది ఎరిగినదే. చిన్నపిల్ల తల్లి ఒడిలో సొమ్మసిల్లినట్లు నిద్రపోవుచుండును. పెద్దపిల్లవానిని ఎదుటి ప్రయాణికుడు, “ఏమేమి చూచితివి, బాబూ?” అని పలుకరించిన, “చార్మినారు, గోలకొండ, జూ” అని పాఠము అప్పగించినట్లు చెప్పి కిటికీ వైపు తిరుగును. బడి తెరచిన పిదప “సెలవులలో నేను చూచిన నగరము” అని ఉపాధ్యాయుడు వ్యాసము వ్రాయించినను ఆ పేర్లే వరుసగా దిగును. పేర్లు మిగిలినవి, నగరము మిగులలేదు. సామాన్య కుటుంబమునకు ఇట్టి ప్రయాణము ఏటేట సమకూరునది కాదు. బాల్యములో ఒకటి రెండు పర్యాయములు మాత్రమే లభించు ఈ అవకాశము తొందరపాటు చేత చేజారిపోవుట చిన్న నష్టము కాదు.

పెద్దలు చూచు నగరము వేరు, పసివారు చూచు నగరము వేరు. ఐదేండ్ల పిల్లవాని కన్ను నేలకు మూడడుగుల ఎత్తున మాత్రమే ఉండును. జనసమ్మర్దములో వానికి కనబడునవి పెద్దల నడుములు, చేతిసంచులు. తండ్రి ఒక అడుగు వేసినచోట వాడు రెండడుగులు వేయవలెను. కావున తండ్రి నడచిన మైలు వానికి రెండు మైళ్లగును. ఇంతకంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. పెద్దవాడు పది వస్తువులను చూచి వానినుండి ఒక భావమును కూర్చుకొనును. పసివాడు ఒకే వస్తువు దగ్గర ఆగి, దానినుండి పది ప్రశ్నలు పుట్టించును. వాని చేయి పట్టి లాగుకొనిపోవునప్పుడు తెగిపోవునవి ఆ ప్రశ్నలే.

హైదరాబాదు నగరమును ఉదాహరణముగా గ్రహింపవచ్చును. మూసీనది దక్షిణపు ఒడ్డున సాలార్ జంగ్ మ్యూజియము కలదు. మూడవ సాలార్ జంగ్ అగు మీర్ యూసఫ్ అలీఖాన్ సేకరించిన వస్తువులతో ఇది 1951లో దివాన్ దేవడీయందు ప్రారంభమైనది. 1968లో నేటి భవనములోనికి మారినది. ముప్పదికి మించిన ప్రదర్శనశాలలు ఉన్న ఈ మ్యూజియమును ఒక పూటలో పూర్తిగా చూపబూనుట పసివారికి శిక్ష విధించుటయే. దంతపు పని, కత్తులు, పింగాణీపాత్రలు, తివాసీలు కన్నులయెదుట పరుగెత్తిన పిదప వారికి మిగులునది కాళ్లనొప్పి.

కాని అచ్చటనే పిల్లలు కదలక మెదలక కూర్చుండు తావు ఒకటి కలదు. అది సంగీత గడియారము ఉన్న తావు. గంట సమీపించిన కొలది జనము దాని యెదుట చేరును. గడ్డపు మనిషి బొమ్మ ఒకటి లోపలినుండి వెలికివచ్చి, ఎన్ని గంటలైనదో అన్నిమారులు జేగంటను మ్రోగించి, మరల లోనికి పోవును. పండ్రెండు గంటల వేళకు పోయిన పిల్లలకు పండ్రెండు దెబ్బలు లెక్కపెట్టు భాగ్యము దక్కును. అంకెలు క్రొత్తగా నేర్చిన పిల్లకు అంతకంటె గొప్ప పరీక్ష లేదు. “ఆ తాత రాత్రిపూట ఎచ్చట పడుకొనును?” అని ఆమె అడిగినచో, ఆనాటి యాత్ర ఫలించినట్లే. దానితోపాటు మరియొకటి చూపిన చాలును. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన ముసుగు రెబెక్కా విగ్రహమది. పాలరాతిలో మేలిముసుగును, ఆ ముసుగు క్రింద కనబడు ముఖమును శిల్పి ఎట్లు చెక్కెనో పెద్దలకే అంతుపట్టదు. పిల్లలు తమ ముఖముపై రుమాలు కప్పుకొని పరీక్షించుకొందురు. ఒక పూటకు ఈ రెండును చాలును.

మ్యూజియమునుండి వెలుపలికి వచ్చి వంతెనపై నిలిచినప్పుడు మూసీనది కథ చెప్పవచ్చును. 1908 సెప్టెంబరు 28వ తేదీన ఈ నది పొంగి నగరమును ముంచివేసినది. వేలకొలది జనులు మరణించిరి. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని ఒక చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. ఆ ఉపద్రవము పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాపై నగరమునకు ఎగువన జలాశయముల నిర్మాణము జరిగినది. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తియైనవి. తేదీలు పిల్లలు మరచిపోవుదురు. చెట్టును మరువరు. తమ ఊరి చింతచెట్టు క్రింద ఆడుకొను పిల్లవానికి, అట్టి చెట్టే అంతమందిని కాపాడినదని తెలిసినప్పుడు మహానగరము పరాయిది కాకుండ పోవును.

పిల్లల వయోభేదము ఇంకొక చిక్కు. పదేండ్లవాడు ముందుకు పరుగెత్తును. మూడేండ్లది ఎత్తుకొమ్మని మారాము చేయును. ఒకరికి తగిన కార్యక్రమము మరియొకరికి తగదు. ఈ చిక్కునకు గోలకొండ కోట చక్కని పరిష్కారమును చూపుచున్నది. కోట ప్రవేశమున గుమ్మటము క్రింద నిలిచి చప్పట్లు కొట్టినచో ఆ ధ్వని కొండపైనున్న బాలాహిస్సారు వద్ద వినబడును. ఆ దూరము దాదాపు కిలోమీటరు అని చెప్పుదురు. పైకి సుమారు 360 మెట్లు కలవు. మూడేండ్ల పిల్లను వానిపైకి ఈడ్చుకొనిపోవలసిన పనిలేదు. తల్లియు పిల్లయు క్రిందనే ఉండి చప్పట్లు కొట్టవచ్చును. తండ్రియు అన్నయు పైకి ఎక్కి చెవియొగ్గవచ్చును. “చెల్లీ, నీ చప్పట్లు వింటిని!” అని అన్న దిగివచ్చి చెప్పినప్పుడు ఆ చిన్నదాని ముఖము వెలిగిపోవును. ఎక్కలేకపోయినదన్న చిన్నబుచ్చు లేదు. కోటను మేలుకొలిపినది తానే.

గోలకొండలో రామదాసు బందీగా ఉన్నదని చూపు చెరసాల కూడ కలదు. తానీషా కాలములో కంచెర్ల గోపన్న పండ్రెండేండ్లు అందు మ్రగ్గెనని ప్రతీతి. ఇంట రామదాసు కీర్తనలు విను పిల్లలకు ఆ గోడల యెదుట వేరు ఉపన్యాసము అవసరము లేదు. లోనికి పోయి రెండు నిమిషములు నిశ్శబ్దముగా నిలువనిచ్చిన చాలును. అయితే ఈ కోటను చూచుటకు ప్రాతఃకాలమే తగినది. మే మాసపు మధ్యాహ్నమున ఆ రాళ్లు కాలిన పెనము వలె వేడెక్కును. నీళ్లసీసా, టోపీ, కొంచెము చిరుతిండి లేనిదే పసివారితో ఆ మెట్లు ఎక్కరాదు.

జంతుప్రదర్శనశాల సంగతి వేరు. 1963లో ప్రారంభమైన నెహ్రూ జంతుప్రదర్శనశాల మీర్ ఆలం చెరువు ప్రక్కన సుమారు 380 ఎకరములలో వ్యాపించియున్నది. ఇచ్చట పెద్దలకు ఒక ఆశాభంగము తప్పదు. సింహమును చూపుటకై అంతదూరము తీసికొనివచ్చిన పిల్లవాడు సింహమునకు వీపు త్రిప్పి, దారిలో గింజ కొరుకుచున్న ఉడుతను చూచుచు నిలిచిపోవును. “ఉడుత మన పెరటిలోనే ఉన్నది కదురా!” అని తండ్రి విసుగుకొనును. కాని పెరటి ఉడుత పిల్లవానిని చూడగానే పారిపోవును. ఈ ఉడుత మనుష్యులకు అలవాటుపడి చేరువనే కూర్చున్నది. పిల్లవాడు ఆ భేదమును కనిపెట్టెను. శాస్త్రజ్ఞానమునకు మొదటి మెట్టు అదియే. ఆ క్షణమున సింహము కొంతసేపు వేచియుండిన నష్టము లేదు.

ఇక చార్మినారు. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా నిర్మించిన ఈ కట్టడమును చూడని యాత్ర యాత్ర కాదని పెద్దల అభిప్రాయము. మీనారులలోని మెట్లు ఇరుకైనవి, నిటారైనవి. పసివారిని ఎత్తుకొని ఎక్కుట మంచిది కాదు. క్రింద నిలిచి నాలుగు కమానులను, నాలుగు గడియారములను లెక్కింపవచ్చును. ప్రక్కనే మక్కామసీదు ముంగిట పావురముల గుంపులు దిగుచు లేచుచుండును. లాడ్ బజారులో లక్కగాజుల తళుకులు చూచిన ఆడపిల్లకు ఒక చిన్న జత కొనియిచ్చిన, దానిపై పొదిగిన అద్దపు పలుకులను ఆమె ఇంటికి చేరువరకు లెక్కించుచునే ఉండును.

ఆ బజారులోనే ఒక భయము కూడ పొంచియున్నది. రెప్పపాటు కాలములో పిల్లవాని చేయి జారిపోవచ్చును. తప్పిపోయిన బిడ్డ కొరకు వెదకు పది నిమిషములు తల్లికి పదేండ్లతో సమానము. నగరమునకు పోవుటకు ముందే ఇంటివద్ద నేర్పవలసిన పాఠమిది. తన పేరు, తండ్రి పేరు, ఊరి పేరు స్పష్టముగా చెప్పగలుగునట్లు పిల్లకు అభ్యాసము చేయింపవలెను. పెద్దల ఫోను నెంబరు వ్రాసిన కాగితమును జేబులో ఉంచవలెను. “మేము కనబడనిచో పరుగెత్తవద్దు, ఉన్నచోటనే నిలువుము, యూనిఫారములోనున్న పోలీసుతోగాని, పిల్లలను వెంటబెట్టుకొనియున్న ఒక అమ్మతోగాని చెప్పుము” అని ఒకటికి రెండుసార్లు చెప్పి, ఆటగా ఆడించి చూడవలెను. ఆపదలోనున్న పిల్లల సహాయమునకై 1098 అను ఫోను నెంబరు కలదని పెద్దపిల్లలకు తెలిసియుండుట మేలు. భయపెట్టి చెప్పిన మాట భయమునే మిగుల్చును; ఆటలో నేర్చిన మాట ఆపదలో జ్ఞాపకము వచ్చును.

దినచర్య విషయమున ఒక నియమము పాటించిన చాలును. ఉదయము ఒక స్థలము, సాయంకాలము ఒక స్థలము, మధ్యాహ్నము నిద్ర. నిద్ర మానిన పిల్లకు తాజమహలును చూపినను ఏడ్పే మిగులును. సాయంకాలమునకు హుస్సేన్ సాగర్ తీరము హాయిగా ఉండును. చెరువు నడుమ నిలిచిన బుద్ధవిగ్రహమును చూపి దాని చరిత్ర చెప్పవచ్చును. 1990 మార్చిలో ఆ ఏకశిలావిగ్రహమును పడవపై తరలించుచుండగా అది నీట మునిగినది. ఆ ప్రమాదమున కొందరు ప్రాణములు కోల్పోయిరి. రెండేండ్లకు పైగా నీటి అడుగున ఉన్న విగ్రహమును 1992లో పైకి తీసి నిలిపిరి. “అంత బరువైనదానిని నీళ్లలోనుండి ఎట్లు తీసిరి?” అను ప్రశ్న ఆ రాత్రి భోజనమువద్ద తప్పక వచ్చును. తండ్రికి సమాధానము తెలియకపోయినను బాధలేదు. “మీ మాస్టారును అడుగుదము” అనుట కూడ ఒక సమాధానమే.

అదియుగాక, ప్రత్యేకించి చూపకయే నగరము చూపునవి అనేకములు కలవు. 2017లో ప్రారంభమైన మెట్రోరైలు కిటికీనుండి ఇండ్ల పైకప్పులను, వానిపై ఆరవేసిన బట్టలను చూచుచు సాగు అరగంట ప్రయాణము పసివారికి స్వయముగా ఒక విహారము. ఇరానీ హోటలులో తండ్రి టీ త్రాగుచుండగా తన వంతు ఉస్మానియా బిస్కత్తును పాలలో ముంచుకొని తినుట మరియొకటి. తెలుగు, ఉర్దూ, హిందీ ఒకే బస్సులో వినబడునప్పుడు, తనకు తెలియని భాషలో కూడ తనవంటి పిల్ల అమ్మను మారాము చేయుచున్నదని గ్రహించుట అన్నిటికంటె గొప్ప పాఠము. వీనికి ప్రవేశ రుసుము లేదు, పట్టికలో చోటును లేదు.

మిగిలిన స్థలముల మాటయేమని తల్లిదండ్రులు అడుగవచ్చును. అవి ఎచ్చటికిని పోవు. నాలుగు వందల ఏండ్లు నిలిచిన చార్మినారు ఈ పిల్లవాడు పెద్దవాడగువరకు నిలువగలదు. నిలువనిది వాని ఐదవయేడు. జేగంట మ్రోగించు బొమ్మ నిజముగా తాతయే అని నమ్మగల వయస్సు రెండు మూడేండ్లలో దాటిపోవును. ఇరువదేండ్ల తరువాత అతడు ఆ గడియారమును మరల చూచి దాని యంత్రనిర్మాణమును మెచ్చుకొనవచ్చును. తాతను మాత్రము చూడలేడు.

ఈ విషయమున ఉపాధ్యాయులు చేయగల ఉపకారము కూడ స్వల్పము కాదు. బడి తెరచిన వారములో “ఏయే స్థలములు చూచితివి?” అని అడుగుటకు బదులు, “ఎచ్చట ఎక్కువసేపు నిలిచితివి? ఎందుకు?” అని అడిగినచో తరగతిలో చేతులు వేరువిధముగా లేచును. ఊరు కదలని పిల్లవాడు కూడ దానికి జవాబు చెప్పగలడు. చెరువుగట్టున నిలిచి కొంగను చూచినవాడును తక్కువవాడు కాడు. ఆ ప్రశ్న పిల్లల ద్వారా ఇండ్లకు చేరినచో, వచ్చే సెలవులలో తల్లిదండ్రులు వ్రాయు పట్టిక కొంత పొట్టిదగును; పిల్లలు చెప్పు కబుర్లు కొంత పొడుగగును.