ఆహారపు లెక్క, వెచ్చముల చీటీ

ఆహారమునకు కేలరీల లెక్క కట్టు వాడుక నగరములను దాటి, యిపుడు ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయము వంటి మా పడమటి కర్నూలు సీమ యిండ్లలోనికిని వచ్చినది. తిన్న ప్రతి ముద్దను సెల్‌ఫోనులో వ్రాసికొను యువతులును గలరు. లెక్క మంచిదే. ఇంటి జమాఖర్చు చూచుకొను ఇల్లాలికి లెక్క క్రొత్తయు గాదు. కాని మొత్తము సరిపోయినంత మాత్రమున పద్దులన్నియు సరియైనవని చెప్పవచ్చునా? నెల రాబడి యంతయు చీరలకే వెచ్చించి బియ్యము కొననిచో మొత్తము సరిపోవును గాని పొయ్యి వెలుగదు. ఆహారపు లెక్కయు నట్టిదే. మొత్తముతో బాటు పద్దులను గూడ చూడవలయును.

కేలరీ యనగా ఆహారము దేహమున కిచ్చు శక్తికి కొలత. ఆ శక్తి ముఖ్యముగా మూడు పద్దులలో జమ యగును. పిండిపదార్థములు గ్రామునకు 4 కేలరీలు, మాంసకృత్తులు 4, క్రొవ్వు 9 ఇచ్చును. పిండిపదార్థము దేహమునకు వంటచెరకు వంటిది. మాంసకృత్తులు కండను, రక్తమును, చర్మమును కట్టునవి. అరిగిన చోట పూడ్చునవి. క్రొవ్వు నిలువ యుంచుకొను శక్తి. కొన్ని విటమినులు ఒంటబట్టుటకును అది కావలయును. భారత వైద్య పరిశోధన మండలి 2020లో ప్రకటించిన ప్రమాణము ప్రకారము, 55 కిలోల బరువు గలిగి, శరీరశ్రమ తక్కువగా గల స్త్రీకి దినమునకు 1660 కేలరీలును, సుమారు 46 గ్రాముల మాంసకృత్తులును వలయును. గర్భిణికి కడపటి మూడు నెలలలో అదనముగా 350 కేలరీలు చాలును గాని, మాంసకృత్తులు మాత్రము మరి 22 గ్రాములు కావలయును. పద్దుల భేద మిచటనే తెలియుచున్నది.

ఇప్పుడు రెండు కంచములను పోల్చి చూతము. మొదటి కంచములో 150 గ్రాముల బియ్యముతో వండిన అన్నము, నీళ్ల చారు, ఊరగాయ. పోపులోను ఊరగాయలోను కలిపి రెండు చిన్న చెంచాల నూనె. దీని విలువ సుమారు 615 కేలరీలు. మాంసకృత్తులు 11 గ్రాములు. రెండవ కంచములో 80 గ్రాముల జొన్నపిండితో చేసిన రొట్టె, 40 గ్రాముల కందిపప్పుతో వండిన ఆకుకూర పప్పు, 15 గ్రాముల బుడ్డల పొడి, చిన్న గిన్నెడు పెరుగు, ఒక చిన్న చెంచా నూనె. వేరుసెనగను మా సీమలో బుడ్డలందురు. దీని విలువయు సుమారు 620 కేలరీలే. మాంసకృత్తులు మాత్రము 25 గ్రాములు. మొదటి కంచమునే మూడు పూటలు భుజించిన స్త్రీకి 1845 కేలరీలు చేరును. అవి యవసరమునకు మించినవి. మాంసకృత్తులు 33 గ్రాములే, అవి చాలనివి. ఒక వంక బరువు పెరుగుచు, వేరొక వంక కండ తరుగుట కిది యొక దారి. అట్టి స్త్రీ కేలరీలు తగ్గింపదలచి ఉన్న యన్నమునే సగము చేసికొన్నచో, మాంసకృత్తులును సగమే యగును. తగ్గింపవలసినది అన్నము, పెంచవలసినది పప్పు.

పూర్వ మీ మెట్టసీమలో జొన్న, కొర్రలే ముఖ్యాహారము. హోస్పేట యొద్ద తుంగభద్రపై 1953లో ఆనకట్ట ముగిసిన పిదప, దిగువ కాలువ పారిన పల్లెలలో వరిమళ్లు లేచినవి. 1983లో రాష్ట్ర ప్రభుత్వము కిలో 2 రూపాయలకు బియ్యము నిచ్చుటతో బీదయింట గూడ వరియన్నము నిత్యమైనది. కడుపులు నింపిన ఆ మేలు తక్కువది గాదు. అన్నము పెరిగినప్పుడు పప్పును పెరగవలసియుండెను. అది పెరగని యిండ్లలో పద్దు తప్పినది.

అట్లని జొన్నను సర్వరోగ నివారిణి యని నెత్తి కెత్తుకొనరాదు. 1960లో హైదరాబాదున గోపాలన్, శ్రీకంఠయ్య యను వైద్యులు, జొన్నయే ముఖ్యాహారముగా గల దక్కను బీదలకు వచ్చు పెల్లాగ్రా యను వ్యాధిని గూర్చి వ్రాసిరి. ఎండ తగిలిన చోట చర్మము నల్లబడి పొరలు లేచుట, విరేచనములు, మతిచలనము దాని లక్షణములు. నయాసిన్ అను విటమిను కొరత దానికి మూలము. జొన్నలో అధికముగా నుండు ల్యూసిన్ ఆ కొరతను పెంచునని వారి యభిప్రాయము. బుడ్డలలో నయాసిన్ సమృద్ధిగా గలదు. జొన్నరొట్టెకు బుడ్డల పొడిని జత చేసిన మన యవ్వల వాడుక నాలుకకే గాక దేహమునకును మేలైనది. అట్లే ధాన్యములలో కొరవడిన లైసిన్ పప్పులలో గలదు. పప్పులలో కొరవడిన మెథియొనిన్ ధాన్యములలో గలదు. రొట్టెయు పప్పును కలిసినపుడే మాంసకృత్తులు సమగ్రమగును.

మన ఉగ్గానిని గూడ ఈ కంటితో చూడుడు. బొరుగులు తేలిక, వానిలో పిండిపదార్థమే హెచ్చు. దానిపై చల్లు పుట్నాల పొడియే మాంసకృత్తులకు ఆధారము. కనుక ఆ పొడిని పిసినారితనము లేక వేయుడు. ప్రక్కన నుంచు మిరపకాయ బజ్జీలు మాత్రము నూనె త్రాగిన వస్తువులు. ఒక పెద్ద గరిటెడు నూనెలో, అనగా 15 గ్రాములలో, 135 కేలరీలు గలవు. ఒక రొట్టెకు పట్టు 40 గ్రాముల జొన్నపిండిలోను సుమారు అన్నియే. ఉగ్గాని నిత్యము కావచ్చును. బజ్జీలు పండుగకు, చుట్టములు వచ్చిన నాటికి నుంచుట మేలు.

ప్రతి ముద్దను తూచుట ఇల్లాలికి సాధ్యము గాదు. దానికి సులభోపాయము నెల వెచ్చముల చీటీ. 1918లో కూనూరున మెకారిసన్ ప్రారంభించిన పరిశోధనశాల 1958లో హైదరాబాదునకు వచ్చి, నేడు జాతీయ పోషకాహార సంస్థ యను పేర నున్నది. 2000 కేలరీల దినాహారమునకు ధాన్యము సుమారు 250 గ్రాములు, పప్పులు 85, నూనె 27 చాలునని ఆ సంస్థ 2024లో సూచించినది. వీనితో కూరగాయలు, పండ్లు, పాలు, గింజలు చేరవలయును. గ్రుడ్లు, మాంసము తినువారు పప్పులో కొంత భాగమునకు బదులుగా వానిని గైకొనవచ్చును. నలుగురు పెద్దలు గల యింటికి దీనిని నెలకు లెక్కించినచో ధాన్యము 30 కిలోలు, పప్పులు 10 కిలోలు, నూనె 3 కిలోలకు కొంచెము హెచ్చు. ముప్పది, పది, మూడు: ఈ మూడంకెలు గుర్తున్న చాలును. కంది, పెసర, సెనగ, ఉలవ, అలసంద అన్నియు ఆ పదిలోనివే. మీ చీటీ తీసి చూడుడు. నూనె పద్దు హెచ్చుగను, పప్పు పద్దు తక్కువగను ఉన్నచో, దిద్దవలసిన తావు మీ కంటి యెదుటనే యున్నది. మధుమేహమో మూత్రపిండముల వ్యాధియో గలవారు మాత్రము వైద్యు నడిగియే ఈ పాళ్లు మార్చుకొనవలయును.

సోదరీమణులారా, చీటీ సరియైనను ఇంకొక పద్దు మిగిలియున్నది. గట్టిపప్పు పురుషులకు, పెరుగు పిల్లలకు వడ్డించి, తాను కడపట కూర్చుండి చారన్నముతో లేచు ఇల్లాలి కంచ మెవ్వరు లెక్కింతురు? ఆమె తినునది పైన చెప్పిన మొదటి కంచమే. కుటుంబమున కెల్ల సరిగా నున్న లెక్క ఆమె యొద్ద తప్పుచున్నది. చూలాలైన కోడలికి, ఎదుగుచున్న కూతురికి ఈ వాడుకయే నేర్పినచో ఆ తప్పు తరువాతి తరమునకును సంక్రమించును. కావున పప్పు దించగనే, ఎవ్వరికిని వడ్డింపక మునుపే, మీ పాలు, మీ కోడలి పాలు వేరొక గిన్నెలో తీసి మూత పెట్టుడు. ఇది స్వార్థము గాదు. మీ చేతి వంటతో బ్రదుకు ఇంటిని నిలుపుటకు మీ చేతులలో బలముండవలయును.