అభిమాని ఎలా పుడతాడు?

ఒక పాట చెవిన పడిన క్షణానికీ, ఆ పాడినవారు మనవారే అనిపించిన క్షణానికీ నడుమ జరిగేదేమిటి?

సంగీతం నచ్చటం వేరు. ఒక సంగీత బృందానికి అభిమాని కావటం వేరు. పాట నచ్చినవాడు నాలుగుసార్లు విని మరొక పాట వైపు మళ్ళుతాడు. అభిమాని అలా మళ్ళలేడు. బృందంలోని వారి పేర్లు, వారు వాయించే వాద్యాలు, వెలువరించిన రికార్డుల వరుస అన్నీ అతనికి కంఠోపాఠం. ఎవరైనా ఆ బృందాన్ని తీసిపారేస్తే తన ఇంటివారిని తూలనాడినట్లు నొచ్చుకుంటాడు. ఏనాడూ చూడని, బహుశా ఎన్నడూ చూడబోని మనుషుల మీద ఇంతటి మమకారం ఎలా పుడుతుంది?

తెలుగువారికి ఈ ప్రశ్న బొత్తిగా కొత్తది కాదు. నాటకంలో పద్యం పాడిన నటుణ్ణి ‘వన్స్ మోర్’ అంటూ పదేపదే పాడించుకున్న జాతి మనది. ఘంటసాల గొంతు వినిపిస్తే చేతిలోని పని ఆపి నిలబడేవారు నేటికీ ఉన్నారు. కాని రాక్ సంగీతం సంగతి కొంత విచిత్రమైనది. అది మన నేల మీద పుట్టినది కాదు. చాలాకాలం మన భాషలో పలికినదీ కాదు. అయినా మన ఇళ్ళలోని పిల్లలను అది పట్టుకుంటూనే ఉన్నది.

సముద్రం దాటి వచ్చిన పాట

ఈ వింతను గమనించటానికి అండమాన్ దీవులకు మించిన చోటు అరుదు. 2024 సెప్టెంబరు వరకు పోర్ట్ బ్లెయిర్ అనీ, ఆ తరువాత శ్రీ విజయపురం అనీ పిలువబడుతున్న పట్టణంలో డైరీ ఫార్మ్ అనే పేట ఉన్నది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ ద్వీపాలలో నూటికి సుమారు 13 మందికి తెలుగు మాతృభాష. వీరిలో చాలమంది పెద్దలు ఉత్తరాంధ్ర తీరం నుంచి ఓడ ఎక్కి వచ్చినవారు. ఇక్కడ పెరిగే తెలుగు పిల్లవాడు ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, పుస్తకంలో ఇంగ్లీషు ఎరుగును. ఇరుగుపొరుగుల బెంగాలీ, తమిళం అతని చెవికి అలవాటే.

ప్రధాన భూభాగం ఇక్కడికి సుమారు 1,200 కిలోమీటర్ల దూరం. చెన్నై నుంచి గాని, విశాఖపట్నం నుంచి గాని బయలుదేరిన ఓడ చేరటానికి రెండున్నర, మూడు రోజులు పడుతుంది. ఆకాశవాణి 1963లో ఇక్కడ కేంద్రం నెలకొల్పింది. అదే సంవత్సరం ఫిలిప్స్ సంస్థ బెర్లిన్ ప్రదర్శనలో అరచేతిలో ఇమిడే టేపు క్యాసెట్టును లోకానికి చూపింది. ఆ తరువాతి దశాబ్దాలలో రేడియోలో రాని పాట వినాలంటే దిక్కు ఆ క్యాసెట్టే. అది రావలసినది ఓడలోనో, విమానంలోనో వచ్చే ఎవరో ఒకరి సంచిలో. అలా వచ్చిన దానిని ఒకసారి విని పక్కన పడవేసే వీలు ఉండేది కాదు. టేపు చిక్కుపడితే పెన్సిలు దూర్చి తిప్పి, మళ్ళీ మొదటి నుంచి వినవలసిందే.

2020 ఆగస్టు 10న ఆ దూరం ఒక్కసారిగా తరిగిపోయింది. చెన్నై నుంచి సముద్రగర్భంలో సుమారు 2,300 కిలోమీటర్ల పొడవున వేసిన కేబులు ఆనాడు ప్రారంభమై, ఈ పట్టణాన్నీ మరికొన్ని ద్వీపాలనూ అంతర్జాలంతో గట్టిగా ముడివేసింది. ఇప్పుడు లండనులో ఉదయం విడుదలైన పాట ఇక్కడ మధ్యాహ్నం వినవచ్చు.

ఈ మార్పు వెనుకనే ఒక భయమూ వచ్చింది. మా పేటలో ఒక పొరుగాయన, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడినవాడు, పదిహేనేళ్ళ కొడుకును గురించి నాతో వాపోయాడు: “ఆ గోలేటి మాస్టారూ! మాట ఒక్కటి తెలవదు, రాగం ఒక్కటి తెలవదు. ఆడేమో కళ్ళు మూసుకుని తల ఊపేస్తన్నాడు. మన పిల్లడు మనకి కాకండా పోతాడేటోనని భయమేస్తందండి.”

ఆ చివరి మాటలో ఉన్నది సంగీతం మీద కోపం కాదు. ఒకసారి సముద్రం దాటి వచ్చినవాడు, కొడుకు మరొక సముద్రం దాటిపోతున్నాడేమోనని పడే దిగులు అది. దానికి జవాబు చెప్పాలంటే అభిమానం ఎక్కడ మొదలవుతుందో తెలియాలి.

ఒక బాలిక వ్రాసిన ఉత్తరం

రాక్ చరిత్రలో మొదటి ఘట్టం ఎప్పుడూ చిన్నదే. 1963 డిసెంబరులో అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో మార్షా ఆల్బర్ట్ అనే పదిహేనేళ్ళ బాలిక టెలివిజన్ వార్తలలో బీటిల్స్ అనే ఆంగ్ల బృందాన్ని చూసింది. ఇటువంటి సంగీతం మన దేశంలో ఎందుకు వినిపించటం లేదని అడుగుతూ స్థానిక రేడియో కేంద్రానికి ఉత్తరం వ్రాసింది. అక్కడి వ్యాఖ్యాత కారల్ జేమ్స్ రికార్డును ఇంగ్లండు నుంచి తెప్పించి, డిసెంబరు 17న ఆ బాలికను పిలిపించి, ఆమె నోటనే పాటను ప్రకటింపజేశాడు. శ్రోతల ఫోనులు ఆగలేదు. జనవరిలో విడుదల కావలసిన రికార్డును కంపెనీ డిసెంబరు 26నే విడుదల చేయవలసి వచ్చింది. 1964 ఫిబ్రవరి 9న బీటిల్స్ అమెరికా టెలివిజన్‌లో పాడినప్పుడు చూసినవారు సుమారు 7 కోట్ల 30 లక్షల మంది.

ఆ కోట్ల మంది వెనుక కంపెనీ ప్రచారం ఉన్నమాట నిజమే. కాని ప్రచారానికి ముందు ఒక పిల్ల ఉన్నది. ఆమెకు నచ్చింది, నచ్చినదానిని తనలోనే దాచుకోలేకపోయింది. ఈ రెండు లక్షణాలూ కలిసిన చోటనే అభిమాని పుడతాడు.

మెదడులో మోగే తీగ

మొదటి లక్షణాన్ని, అంటే నచ్చటాన్ని, శాస్త్రజ్ఞులు కొంతవరకు వివరించగలిగారు. 1968లో అమెరికన్ మనస్తత్వవేత్త రాబర్ట్ జయాంక్ ఒక సామాన్య సత్యాన్ని ప్రయోగాలతో నిరూపించాడు: ఏ వస్తువైనా పదేపదే ఎదురవుతుంటే, కేవలం ఆ పరిచయం చేతనే దాని మీద ఇష్టం కలుగుతుంది. ఒకే క్యాసెట్టును నెలల తరబడి విన్న ద్వీపవాసికి ఈ సత్యం పుస్తకం చదవకుండానే తెలుసు.

2011లో కెనడాలోని మాంట్రియల్ పరిశోధకులు మరొక అడుగు ముందుకు వేశారు. ఒళ్ళు జలదరింపజేసే సంగీతం వినేటప్పుడు మెదడులో డోపమైన్ అనే రసాయనం వెలువడుతుందని వారు కనుగొన్నారు. ఆకలిగొన్నవాడికి అన్నం దొరికినప్పుడు కలిగే తృప్తిలో పాత్ర వహించేదీ ఈ రసాయనమే. విశేషమేమంటే, అది జలదరించే ఘట్టంలోనే కాక, దానికి కొద్ది క్షణాల ముందు కూడా, మెదడులో వేరొక భాగంలో, వెలువడుతుంది. అనగా ఆనందంలో సగం ఎదురుచూపులోనే ఉన్నది. ఇక్కడ గిటారు ఎత్తుకుంటుంది, ఇక్కడ డ్రమ్ములు ఆగి మళ్ళీ మోగుతాయి అని ముందుగా తెలిసి ఉండటమే ఆ రుచి. పల్లవి తిరిగి వచ్చే చోట మన భజన బృందాలలో తాళాలు ఒక్కసారిగా జోరందుకోవటం చూసినవారికి ఇది తెలియని అనుభవం కాదు.

వయస్సు పాత్ర కూడా తక్కువది కాదు. 1989లో హోల్‌బ్రూక్, షిండ్లర్ అనే పరిశోధకులు వివిధ వయస్కులకు వివిధ కాలాల పాటలు వినిపించి చూశారు. తాము ఇరవైమూడు, ఇరవైనాలుగేళ్ళ ప్రాయంలో ఉండగా ప్రచారంలో ఉన్న పాటలే జనానికి అన్నిటికన్నా ఎక్కువ ఇష్టమని తేలింది. ‘మా రోజుల్లో పాటలు’ అని ప్రతి తరమూ నిట్టూర్చటానికి కారణం పాటలు చెడిపోవటం కాదు. చెవి లేతగా ఉన్న రోజులు గడిచిపోవటం.

“నువ్వొకసారి విను”

అయితే పాట తనంతట తానే మనిషిని పట్టుకుంటుందా? 2006లో కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకులు ఒక చక్కని ప్రయోగాన్ని ప్రకటించారు. ఎవరికీ తెలియని బృందాల పాటలు 48 సేకరించి, 14 వేల మందికి పైగా శ్రోతల ముందు ఉంచారు. కొందరు తమ అభిరుచిని మాత్రమే అనుసరించి పాటలు ఎంచుకున్నారు. తక్కినవారిని ఎనిమిది గుంపులుగా విభజించి, తమ గుంపులో తోటివారు ఏ పాటను ఎంతమంది తీసుకున్నారో తెలియజేశారు. ఎనిమిది గుంపులలోనూ విజేతలు ఒకరు కాలేదు. మిక్కిలి మంచి పాట బొత్తిగా ఓడిపోవటం అరుదు; మిక్కిలి నాసి పాట నెగ్గటమూ అరుదు. నడుమనున్న వాటి అదృష్టం మాత్రం తోటివారి ఎంపిక మీద ఆధారపడింది.

కనుక ‘నువ్వొకసారి విను’ అన్న మాట చిన్నది కాదు. ఈ మాట బలం మీదనే ఒక బృందం దశాబ్దాలపాటు నిలిచింది. అమెరికాకు చెందిన గ్రేట్‌ఫుల్ డెడ్ బృందం 1971లో ఒక రికార్డు అట్ట లోపల, మీ పేరూ చిరునామా వ్రాసి పంపండని అభిమానులను కోరింది. తమ కచేరీలను శ్రోతలు టేపు చేసుకుంటుంటే అడ్డు చెప్పక, 1984లో వారికోసం ప్రత్యేక స్థలమే కేటాయించింది. ఆ టేపులు డబ్బుకు అమ్మరాదు, ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకోవాలి. ఈ నియమాన్ని అభిమానులే కాపాడుకున్నారు. చేతులు మారిన ప్రతి టేపూ మరొక అభిమానిని తయారుచేసింది.

మన దేశంలోనూ ఇదే జరిగింది. 1975లో లండనులో ఏర్పడిన ఐరన్ మెయిడెన్ బృందం తొలిసారి బెంగుళూరులో వాయించినది 2007 మార్చిలో. ఆనాడు మైదానంలో చేరిన వేలాది మందికి పాటలన్నీ ముందే నోటికి వచ్చు. ఆ బృందం రావటానికి ఎన్నో ఏళ్ళ ముందే ఒక మిత్రుడి అన్నగారో, హాస్టలు గదిలోని సహచరుడో క్యాసెట్టు చేతిలో పెట్టాడన్నమాట.

ఇప్పుడు ఆ పనిని చాలవరకు యంత్రం చేస్తున్నది. మనం విన్నదానిని లెక్కగట్టి, తరువాత వినవలసినది అదే సూచిస్తున్నది. కాని యంత్రం సూచించిన పాట విని మరచిపోయినా అడిగేవారు లేరు. స్నేహితుడు వినిపించిన పాటకు మాత్రం మరునాడు జవాబు చెప్పుకోవాలి. ఆ జవాబులోనే అభిమానం వేరూనుతుంది.

మాట తెలియని పాట

మాట తెలియకుండా పాట ఎలా తలకెక్కుతుందన్నది తండ్రి ప్రశ్న. ఢిల్లీలో 1990లో ఏర్పడిన ఇండియన్ ఓషన్ అనే బృందానికి గొప్ప పేరు తెచ్చిన ‘కందీస’ పాట, కేరళ సిరియన్ క్రైస్తవుల ప్రాచీన ప్రార్థన మీద ఆధారపడినది. 2000లో అది వెలువడిన తరువాత, ఆ భాషలో ఒక్క ముక్క తెలియని యువకులు కచేరీలలో గొంతు కలిపి పాడారు. ఇందులో వింత ఏమున్నది? త్యాగరాజ కృతులను తెలుగు రాని తమిళులు తరతరాలుగా గుండెలకు హత్తుకోలేదా? అర్థానికి ముందు నాదం చేరుతుంది. ఆ తరువాత, నాదం మీది ప్రేమ చేత, మనిషి అర్థాన్ని వెతుక్కుంటూ పోతాడు.

భాష కూడా ఎల్లకాలం పరాయిదిగా ఉండదు. హైదరాబాదుకు చెందిన చౌరస్తా బృందం ‘ఊరెళ్ళిపోతా మామా’ అని పాడినప్పుడు, గిటారు పక్కన తెలుగు పలుకుబడి నిస్సంకోచంగా కూర్చున్నది. పరాయి వాద్యం మీద మోజు పడినవారే దానిని ఇంటిది చేసుకోగలరు.

పొరుగాయనకు నేను చెప్పినది ఒక్కటే: ఒకపూట కొడుకు పక్కన కూర్చుని, తిట్టకుండా వినమని. వారం తరువాత ఆయన కనిపించి, “పాట నాకు పట్టలేదండి” అన్నాడు. కాసేపు ఆగి, “ఆ డ్రమ్ము దెబ్బ మాత్రం మన తప్పెటగుళ్ళలాగే ఉంటదండి. అదేటని ఆడు అడిగితే చెప్పినాను. ఎలాగుంటాదో సూపించమన్నాడు” అన్నాడు. గుండెకు తప్పెట కట్టుకుని ఎగురుతూ వాయించే ఆ కళను, డైరీ ఫార్మ్‌లో పుట్టిన ఆ పిల్లవాడు అంతవరకు ఎరుగడు. 2013లో క్రమ్‌హాన్సల్, జుప్నిక్ అనే అమెరికన్ పరిశోధకులు, ఇరవయ్యేళ్ళ యువతకు తమ కాలపు పాటలతోపాటు తల్లిదండ్రుల యౌవనంలోని పాటల మీద కూడా గాఢమైన అనుబంధం ఉన్నదని తేల్చారు. పిల్లవాడి చెవికి ఒక తలుపే ఉన్నదనుకోరాదు.

ఒక్క మాటలో రెండు అర్థాలు

అనువాదం వృత్తిగా గల నాకు ‘అభిమానం’ అన్న మాట ఎప్పుడూ ఆశ్చర్యం కలిగిస్తుంది. సంస్కృతంలో అది ముఖ్యంగా స్వాతిశయాన్ని, తనను గురించిన గౌరవాన్ని తెలుపుతుంది. ఆత్మాభిమానం, అభిమానవతి అన్నప్పుడు తెలుగులోనూ ఆ అర్థమే. కాని ఇతరుల మీది ప్రేమకు కూడా మనం అదే మాట వాడుతున్నాము. రెండింటినీ ఒకే మాటలో పెట్టిన మన పూర్వులు పొరబడలేదు. బృందాన్ని ప్రేమించే కుర్రవాడు ‘నేను ఫలానావాణ్ణి’ అని తనకు తాను చెప్పుకోవటం అప్పుడే నేర్చుకుంటున్నాడు. పేరు తల్లిదండ్రులు పెట్టారు. బడి వారే చూశారు. ఊరు ఓడ నిర్ణయించింది. ఈ ఒక్క పాట మాత్రం తాను ఎంచుకున్నది.

ఒంటరి గాయకుని కంటె బృందం పిల్లలను ఎక్కువగా ఆకర్షించటానికి కారణం కూడా ఇదే కావచ్చు. 1976లో డబ్లిన్ నగరంలో ఒక బడి పిల్లవాడు, వాద్యాలు వచ్చినవారు కావలెనని నోటీసు పలక మీద కాగితం అంటించాడు. వచ్చిన తోటి విద్యార్థులతో ఏర్పడినదే తరువాత లోకప్రసిద్ధమైన యూ టూ బృందం. బృందమంటే కంటికి కనిపించే స్నేహం. దానిని చూసినవాడికి తానూ ఆ జట్టులో ఒకడినేనన్న భావం కలుగుతుంది.

ఈ మమకారం శ్రుతి మించవచ్చు, చదువును వెనక్కు నెట్టవచ్చు, తగవులకూ దారితీయవచ్చు. అటువంటప్పుడు పెద్దల మందలింపు అవసరమే. కాని మందలించేవారికి ముందుగా వినే ఓపిక ఉండాలి. పిల్లవాడు ఒక చెవి గొట్టం తీసి మన వైపు చాచినప్పుడు, అతడు మనకు వినిపించబోయేది పాట మాత్రమే కాదు, తాను ఎవరైనదీ కూడా. దానిని చెవిన పెట్టుకోవటానికి పట్టేది నాలుగు నిమిషాలు.