స్వెట్టర్ వేసుకుంటే పాడవదు!

చలికాలం వచ్చిందనగానే బీరువా అడుగు అరలోంచి స్వెట్టర్లు బయటికొస్తాయి. తీసి చూస్తే ఒకదానికి భుజం దగ్గర కంతలు. ఇంకోటి పిల్లాడికి సరిపోయేంతగా కుదించుకుపోయి ఉంటుంది. మరోటి మోకాళ్లదాకా సాగిపోయి ఉంటుంది. 'ఉన్ని నాసిరకం కాబోలు' అని దుకాణం వాణ్ణి తిట్టుకుంటాం. కానీ మన ఊళ్లలో స్వెట్టర్ ఒంటిమీద ఉండేది ఏడాదికి రెండు మూడు నెలలే కదా! వేసుకోవడం వల్ల అరిగేది తక్కువే. పాడయ్యేదంతా ఉతికే బకెట్లోనూ, దాచే అరలోనూ. ఆ రెండు చోట్లా కాస్త శ్రద్ధ పెడితే మంచి ఉన్ని స్వెట్టర్ ఏళ్ల తరబడి మన్నుతుంది.

సముద్రం నడుమ పుట్టిన అల్లిక

బ్రిటన్, ఐర్లండ్‌లలో ఉంటున్న మనవాళ్లు సెలవులకు వచ్చేటప్పుడు అమ్మకో, అత్తగారికో మీగడ రంగు మందపాటి స్వెట్టర్ తెస్తుంటారు. ముందువైపు తాళ్లు పేనినట్టు, జడలు అల్లినట్టు ఎత్తుగా డిజైన్ ఉంటుంది. అదే ఆరన్ స్వెట్టర్. అక్కడివాళ్లు జంపర్ అంటారు. ఐర్లండ్ పడమటి తీరంలో, అట్లాంటిక్ మహాసముద్రంలో ఉన్న మూడు చిన్న దీవుల పేరు ఆరన్. 20వ శతాబ్దం తొలినాళ్లలో ఈ అల్లిక ఇప్పటి రూపు దిద్దుకుంది. దీవుల్లోని ఆడవాళ్లకు అది నాలుగు రాళ్లు సంపాదించుకునే దారి కూడా అయింది.

ఒక్కో కుటుంబానికి ఒక్కో డిజైన్ ఉండేదనీ, సముద్రంలో మునిగిపోయిన జాలర్లను దాన్నిబట్టే గుర్తుపట్టేవారనీ ఓ కథ ప్రచారంలో ఉంది. అందులో నిజం లేదు. 1904లో ప్రదర్శించిన జె.ఎం. సింజ్ నాటకంలో మునిగిపోయిన మనిషిని మేజోడు కుట్లనుబట్టి గుర్తుపట్టే సన్నివేశం ఉంది. కథ అక్కణ్నుంచే పాకిందంటారు. అయితే చేత్తో అల్లిన ఆరన్ స్వెట్టర్ వెనక ఒకరి వారాల శ్రమ ఉంటుందన్నది మాత్రం కథ కాదు. ఇప్పుడు దుకాణాల్లో అమ్మేవి చాలావరకు మెషీన్ అల్లికలే. ఏదైనా సరే, ఉన్నిదైతే సంరక్షణ ఒక్కటే. మీ అమ్మమ్మ అల్లి ఇచ్చిన స్వెట్టర్‌కైనా ఇదే వర్తిస్తుంది.

ఎందుకు కుదించుకుపోతుంది?

ఉన్ని అంటే గొర్రె జుట్టే. మన జుట్టులాగే అదీ కెరటిన్ అనే ప్రొటీన్‌తో తయారవుతుంది. ఒక్కో పోగు మీదా చేప పొలుసుల్లాంటి సన్నటి పొరలుంటాయి. వేడినీళ్లు, సబ్బు, రుద్దుడు... ఈ మూడూ కలిస్తే ఆ పొలుసులు ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని బిగుసుకుపోతాయి. స్వెట్టర్ మందంగా, గట్టిగా, చిన్నదిగా అయిపోతుంది. అలా బిగిసిన దాన్ని మళ్లీ విప్పడం ఎవరి తరమూ కాదు. అందుకే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. మీ తలకట్టును ఎంత జాగ్రత్తగా చూసుకుంటారో స్వెట్టర్‌నూ అంతే జాగ్రత్తగా చూడాలి. తల మీద బ్రష్ పెట్టి రుద్దం కదా!

రోజూ ఉతకొద్దు

తెలంగాణలో కురుమలు దక్కనీ గొర్రెల నల్ల ఉన్నితో గొంగళ్లు నేస్తారు. కాపరి ఎండకూ వానకూ చలికీ అదే కప్పుకుంటాడు. అలాగని దాన్ని రోజూ ఉతుకుతాడా? ఉతకడు. దులిపి ఆరేస్తాడు. స్వెట్టర్‌కూ ఇదే సూత్రం. ఉన్ని తన బరువులో దాదాపు 30 శాతం తేమను పీల్చుకున్నా తడిగా అనిపించదు. గాలి తగిలితే ఆ తేమనూ వాసననూ వదిలేస్తుంది. వేసుకున్నాక ఓ రాత్రి కుర్చీ మీద పరిచి ఉంచండి. లోపల కాటన్ చొక్కానో, జాకెట్టో ఉంటే చెమట నేరుగా అంటదు. మరక పడితే ఆ చోటు మాత్రం తడిబట్టతో అద్దితే చాలు. సీజన్లో రెండు మూడు ఉతుకులకు మించి అవసరం రాదు.

ఉతికేదెలా?

'మెషీన్లో వేసేస్తే పోలా?' అనుకుంటున్నారా? ముందు లోపలి లేబుల్ చూడండి. నీళ్ల తొట్టిలో చెయ్యి బొమ్మ ఉంటే చేత్తోనే ఉతకాలి. తొట్టి మీద కొట్టివేత గుర్తుంటే నీళ్లు తగలకూడదు, డ్రైక్లీనింగ్‌కే ఇవ్వాలి. లేబుల్ లేకపోతే చేత్తో ఉతకడమే మేలు.

• ఉతికే ముందు టేపుతో పొడవు, ఛాతీ, చేతుల కొలతలు రాసిపెట్టుకోండి.

• బకెట్లో 30 డిగ్రీలు మించని నీళ్లు తీసుకోండి. చెయ్యి పెడితే వేడి తెలియకూడదు.

• మామూలు డిటర్జెంట్ వద్దు. మరకలు పోగొట్టే ఎంజైములు చాలా పొడుల్లో ఉంటాయి. వాటిలో కొన్ని ప్రొటీన్‌ను కొరికేస్తాయి, ఉన్నీ ప్రొటీనే. బ్లీచింగ్ అసలే వద్దు. ఉన్ని బట్టల కోసం అమ్మే లిక్విడ్ గానీ, తలకు వాడే షాంపూ గానీ ఓ చెంచాడు చాలు. ముదురు రంగులకైతే వడకట్టిన కుంకుడు రసం భేషుగ్గా పనిచేస్తుంది. మీగడ రంగు వాటికి వద్దు, చాయ అంటుకోవచ్చు.

• స్వెట్టర్‌ను తిరగేసి పది నిమిషాలు నానబెట్టండి. మెల్లగా ఒత్తండి. రుద్దొద్దు, బండకేసి బాదొద్దు, మెలిపెట్టి పిండొద్దు.

• జాడించే నీళ్లు కూడా అంతే వెచ్చగా ఉండాలి. వేడి నుంచి ఒక్కసారిగా చన్నీళ్లలోకి మార్చకండి.

• తడి ఉన్నికి బలం తక్కువ. చేతులు పట్టుకుని పైకెత్తితే సాగిపోతుంది. రెండు చేతులతో కిందనుంచి ఎత్తి, పొడి తువాలు మీద పరిచి, చాపలా చుట్టి ఒత్తండి. నీళ్లన్నీ తువాలు పీల్చుకుంటుంది.

• దండెం మీద వేయొద్దు. మరో పొడి తువాలు మీద పరిచి, రాసుకున్న కొలతలకు సర్ది, నీడలో ఫ్యాను కింద ఆరనివ్వండి. మధ్యలో ఓసారి తిరగేయండి.

ఉండలు కడితే...

చంకల కింద, పక్కల చిన్న చిన్న ఉండలు కడతాయి. 'అయ్యో, పాతబడిపోయింది' అనుకోనక్కర్లేదు. రాపిడికి పొట్టి పోగులు పైకొచ్చి చుట్టుకుంటాయంతే. గొంగట్లో అన్నం తింటూ వెంట్రుకలు ఏరినట్టు ఒక్కొక్కటీ గోళ్లతో లాగితే ఇంకో నాలుగు పోగులు లేస్తాయి. బల్లమీద పరిచి ఉండలు తీసే చిన్న షేవర్‌తో తేలిగ్గా తీసేయండి.

దాచేటప్పుడే అసలు పరీక్ష

ఏడాదిలో తొమ్మిది నెలలు మన స్వెట్టర్లు అరలోనే ఉంటాయి. కంతలు పడేది అప్పుడే. కనిపించే బుల్లి రెక్కల పురుగు ఉన్నిని తినదు. అది పెట్టిన గుడ్లలోంచి వచ్చే తెల్లటి పిల్ల పురుగులు తింటాయి. చెమట, కూర మరకలున్న చోటంటే వాటికి మరీ ఇష్టం. కాబట్టి ఉతికి, పూర్తిగా ఆరాకే దాచండి. ఏ కొంచెం తేమ ఉన్నా వానాకాలంలో బూజు పట్టేస్తుంది. హ్యాంగర్‌కు తగిలించకుండా మడతపెట్టి, పాత కాటన్ దిండుగలీబులో పెట్టి మూతి కట్టండి. నెలకోసారి తీసి దులపండి. పురుగులకు వెలుతురూ అలికిడీ గిట్టవు.

వేపాకు వాసనకు పురుగు దూరంగా ఉండొచ్చేమో గానీ లోపలున్న గుడ్లు చావవు. పురుగు పట్టిందని అనుమానముంటే స్వెట్టర్‌ను ప్లాస్టిక్ కవర్లో మూసి, డీప్ ఫ్రీజర్లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక చల్లదనం పోయేదాకా కవర్ విప్పకండి.

ఇక కలరా ఉండలు. పసిపిల్లలున్న ఇంట్లో వీటితో చాలా జాగ్రత్త! జి-6-పిడి అనే ఎంజైమ్ లోపంతో పుట్టే పిల్లలు కొందరుంటారు. నాఫ్తలీన్ వాసన పట్టిన బట్టలు తొడిగినా వాళ్ల ఒంట్లో ఎర్రరక్తకణాలు విరిగిపోయి, కామెర్లు ముదిరి ప్రాణం మీదికి రావచ్చు. ఆ లోపం ఉన్నట్టు పైకి తెలియదు. బాలింత గదిలోనూ, బిడ్డ స్వెట్టర్లు, ఉన్ని టోపీలు దాచేచోటా కలరా ఉండలు పెట్టనే వద్దు.

కంత పడినా పారేయొద్దు

పోగు పైకి లేస్తే కత్తిరించకండి, అల్లిక విడిపోతుంది. క్రోషా సూదితో లోపలివైపుకి లాగేయండి. చిన్న కంత ఉన్నప్పుడే అదే రంగు ఉన్నితో రఫూ చేయించండి. మోచేతులు అరిగితే చక్కటి అతుకు వేయండి. కొత్త స్వెట్టర్‌తో పాటు ఓ పోగు ఉన్ని ఇస్తే సూదికి చుట్టి కుట్టుపెట్టెలో దాచండి. అవసరానికి అంగట్లో ఆ రంగు దొరక్కపోవచ్చు!