ఆవు ఎదకు వచ్చిన వేళ

పాడినీ పంటనూ జంటగా పలకడం తెలుగువారికి అనాదిగా అలవాటు. పంటకు అదను ఎంత ముఖ్యమో పాడికి ఎద అంత ముఖ్యం. ఎదను సకాలంలో గుర్తించనిదే పశువు చూడి కట్టదు. చూడి లేనిదే ఈత లేదు. ఈత లేనిదే పాలు లేవు.

ఇందులో ఒక చిన్న లెక్క ఉన్నది. ఆవు ఏడాదికొక దూడను ఈనాలంటే సుమారు 280 రోజుల గర్భకాలం పోగా మిగిలేవి 85 రోజులు. ఈనిన తరువాత గర్భాశయం యథాస్థితికి రావడానికి రెండు నెలలు విడిచిపెట్టాలి. ఇక మిగిలినవి 25 రోజులు. ఎద సుమారు 21 రోజులకొకసారి వస్తుంది. వచ్చినా సాధారణంగా 12 నుంచి 18 గంటలే నిలుస్తుంది. అంటే రైతుకు దక్కే అవకాశం ఒకటి, మహా అయితే రెండు. అది చేజారితే ఈత మూడు వారాలు వెనుకబడుతుంది. వట్టిపోయిన పశువును అన్ని రోజులూ అదనంగా మేపవలసి వస్తుంది.

ఎదకు మూలం రక్తంలోని రసాయన మార్పు. అంతవరకు అధికంగా ఉన్న ప్రొజెస్టిరాన్ తగ్గి, అండాశయం నుంచి ఈస్ట్రాడయోల్ అనే హార్మోను పెరుగుతుంది. మిల్లీలీటరు రక్తంలో దీని పరిమాణం గ్రాములో లక్షకోట్ల వంతులు కొన్ని మాత్రమే. అంత స్వల్ప పదార్థమే పశువు ప్రవర్తనను మార్చివేస్తుంది. ఆవు అదేపనిగా అరుస్తుంది, మేత తగ్గిస్తుంది, మాటిమాటికీ మూత్రం పోస్తుంది, మానం ఉబ్బుతుంది. గాజువంటి స్వచ్ఛమైన తీగలు వేలాడతాయి. ఈ ద్రవాన్ని గాజుపలకపై ఆరబెట్టి సూక్ష్మదర్శినితో చూస్తే, అందులోని ఉప్పు ఫెర్న్ ఆకుల ఆకృతిలో స్ఫటికీకరించి కనిపిస్తుంది.

అన్నిటికంటె నమ్మదగిన గుర్తు, మరొక పశువు తనపై ఎక్కినప్పుడు కదలక నిలబడడం. ఎక్కినది కాదు, నిలిచినదే ఎదలో ఉన్నదని గ్రహించాలి. అయితే ఒంటరిగా కట్టివేసిన ఆవు విషయంలో ఈ గుర్తు దొరకదు. అరుపులు, తీగలే ఆధారం. గేదెలలో ‘మూగ ఎద’ తరచు కనిపిస్తుంది. అరుపు కూడా ఉండకపోవచ్చు. వేసవిలో ఎద లక్షణాలు మరింత మందగిస్తాయి. అందుచేత తెల్లవారుజామునా, రాత్రి పడుకోబోయే ముందూ కొంతసేపు పశువును గమనించడం అవసరం.

ఉదయం ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మరునాటి ఉదయం ఆబోతుకు చూపడమో, కృత్రిమ గర్భధారణ చేయించడమో మంచిది. 1940లలో అమెరికాలోని నెబ్రాస్కాలో ట్రింబర్గర్ జరిపిన పరిశోధనలు ఈ నియమానికి బలం చేకూర్చాయి. ఎద ముగిసిన 10, 12 గంటలకు గాని అండం విడుదల కాదు. వీర్యకణాలకు సైతం ఫలదీకరణ శక్తి రావడానికి కొన్ని గంటలు పడుతుంది. ఎద తరువాత రెండు మూడు రోజులకు తోకపై రక్తపు మరక కనిపిస్తే అదను దాటిపోయిందని అర్థం. అయినా ఆ తేదీ వ్యర్థం కాదు. అప్పటినుంచి 18, 19 రోజులకు మళ్ళీ ఎద కోసం చూడవచ్చు.

ఆవు నడకను లెక్కించే పరికరాలు, పాలలో ప్రొజెస్టిరాన్‌ను కొలిచే పరీక్షలు నేడు పెద్ద డెయిరీలకు అందుబాటులో ఉన్నాయి. ఒకటి రెండు పశువులపై బ్రతికే కుటుంబానికి మాత్రం శ్రద్ధగా చూసే కన్ను, గోడమీది క్యాలెండరులో తేదీ చుట్టూ గీసిన సున్నా చాలు.